పాత 1613కి పుల్లింగ్ పెంచాలి: ఇంటర్‌కూలర్, పెద్ద టర్బో పెట్టించనా?

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బండి టాటా 1613 లారీ, 2005 మోడల్. గాలిని నొక్కి నింపే టర్బో ఉన్న 697 ఇంజన్, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. 2016లో సాలూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఐదేళ్ళ కిందట హాఫ్ ఇంజన్ పని చేయించాను. నెలకి ఏడెనిమిది సార్లు విజయనగరం వైపు నుంచి సిమెంటు ఎత్తుకుని సాలూరు, సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్, జయపురం వస్తాను. దిగేటప్పుడు బియ్యమో, చింతపండో. ఏదీ దొరక్కపోతే ఖాళీగానే.

సమస్య ఘాట్‌లో. 200 బస్తాల లోడుతో, అంటే 10 టన్నులతో, సుంకి దగ్గర ఎక్కుడు మొదలైతే సెకండ్ గేరు, 15 స్పీడు. అంతే, ఇంక లేవదు. నల్లపొగ. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. నా మీటరులో 12 కిలోమీటర్లు చూపించే ఎక్కుడికి ముప్పావు గంట పైనే పడుతోంది. వెనక బస్సువాళ్ళు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యరు. మొన్న మా క్లీనర్ కుర్రాడు దిగి పక్కన నడుస్తూ వచ్చాడు, సరదాకి. నాకు మాత్రం తల తీసేసినట్టయింది.

విశాఖలో ఒక షెడ్డులో అడిగితే ఇంటర్‌కూలర్, పెద్ద టర్బో పెట్టి, డీజిల్ పంపు పెంచి ఇస్తాం, 1,40,000 అవుతుంది, 150 హెచ్‌పీ గ్యారంటీ అన్నారు. మా నాన్న బండి అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు?

కాటన్_లోడు_రాయగడ · సెప్టెంబర్ 9, రాత్రి 10:15

పెట్టించెయ్ అన్నా, ఆలోచించకు. నేను పోయినేడాది ఒక్క పంపే పెంచాను. స్క్రూ రెండు చుట్లు. లక్ష్మీపూర్ ఘాట్‌లో పత్తి లోడుతో రాకెట్‌లా ఎక్కుతోంది.

ఘాట్_దిగినవాడు · సెప్టెంబర్ 9, రాత్రి 10:22

పత్తి లోడుకి, సిమెంటు లోడుకి తేడా తెలుసా తమ్ముడూ?

కాటన్_లోడు_రాయగడ · సెప్టెంబర్ 9, రాత్రి 10:24

బేళ్ళు అన్నా, బేళ్ళు. దూది మూటలు కాదు.

సాలూరు_పంపు_మేస్త్రీ · సెప్టెంబర్ 10, ఉదయం 6:50

జయపురం బాబూ, డబ్బులు ఎవరి చేతిలోనూ పెట్టకు. ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పు.

పొగ నలుపేనా, నీలం కలుస్తోందా? లోడు మీద ఉన్నప్పుడు ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చే బ్రీదర్ గొట్టం దగ్గర పొగ ఎంత వస్తోంది? ఎయిర్ ఫిల్టర్ ఎప్పుడు మార్చావు? మార్చావా, గాలి కొట్టి మళ్ళీ అదే పెట్టావా? లీటరుకి ఎంత ఇస్తోంది? ఖాళీ బండిలో న్యూట్రల్‌లో పెడల్ అడుక్కి తొక్కితే ఇంజన్ పూర్తిగా లేస్తోందా, మధ్యలో ఆగిపోతోందా?

ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెప్తాను. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. తినడానికి గాలి లేక డీజిల్ సగం కాలి మసిగా బయటికి పోతోంది. అలాంటి ఇంజన్‌కి పంపు స్క్రూ తిప్పి ఇంకా డీజిల్ పోస్తానంటున్నారు చూడు, అజీర్తి చేసినవాడికి ఇంకో నాలుగు బూరెలు వడ్డించినట్టు.

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 1:30

మేస్త్రీగారూ, నీలం లేదు, నలుపే. బ్రీదర్‌లో సన్నగా వస్తుంది, భయపడేంత కాదు. ఆయిల్ కూడా పెద్దగా తాగడం లేదు. ఎయిర్ ఫిల్టర్ కొత్తదే, మూడు నెలలైంది. లీటరుకి ఇదివరకు 4 దాకా వచ్చేది, ఇప్పుడు 3 రావడం లేదు.

పెడల్ సంగతి అడిగారు కాబట్టి చెప్తున్నాను. పూర్తిగా లేస్తుందో లేదో నాకు తెలియడం లేదు. ఆర్‌పీఎం మీటర్ ఎప్పుడో చచ్చిపోయింది.

బరంపురం_ఫోర్‌మన్ (రిటైర్డ్) · సెప్టెంబర్ 10, రాత్రి 8:05

నేను వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్ళు చేశాను, ఇప్పుడు మనవడికి లెక్కలు చెప్తున్నాను. ఈ లెక్క కూడా వాడి పలక మీదే వేశాను.

బండి, లోడు కలిపి 16 టన్నులు అనుకుందాం. ఘాట్ రోడ్డుకి 20కి 1 వాలు అనేది మామూలు లెక్క. అంటే 20 మీటర్లు పోతే 1 మీటరు లేస్తాం. అప్పుడు బండి బరువులో ఇరవయ్యో వంతు, 800 కిలోలు, వెనక్కి లాగుతుంది. టైర్లు దొర్లడానికి ఇంకో 160 వేసుకోండి. మొత్తం 960 కిలోలు.

ఒక హార్స్‌పవర్ అంటే 75 కిలోలని సెకనుకి 1 మీటరు ఎత్తడం. 15 స్పీడు అంటే సెకనుకి 4.17 మీటర్లు. 960ని 4.17తో గుణించి 75తో భాగిస్తే 53. గేరుబాక్సులో, వెనక యాక్సిల్‌లోని క్రౌన్ పళ్ళచక్రంలో పోయేది కలుపుకుంటే ఇంజన్ దగ్గర 60.

1613 అనే పేరులోనే ఉంది. 16 టన్నులు, 130 హెచ్‌పీ. నీ బండికి కట్టిన 130 గుర్రాల్లో 60 గుర్రాలే లాగుతున్నాయి బాబూ. మిగతా 70 ఎక్కడ మేస్తున్నాయి?

ఇంకో లెక్క కూడా చూడు. 130 పూర్తిగా ఉంటే, చక్రాల దగ్గరికి 115 చేరితే, ఇదే ఎక్కుడు 32 స్పీడులో ఎక్కాలి. నీ 12 కిలోమీటర్లకి 22 నిమిషాలు. 1,40,000 పోసి 150 చేయించావనుకో, 37 స్పీడు, 19 నిమిషాలు. అంటే ఆ డబ్బుతో నువ్వు కొనేది 3 నిమిషాలు. పోయిన 70 గుర్రాలని పట్టుకొస్తే వచ్చేది దగ్గర దగ్గర 25 నిమిషాలు.

ఘాట్_దిగినవాడు · సెప్టెంబర్ 10, రాత్రి 8:11

ఫోర్‌మన్ గారూ, దండం.

కాటన్_లోడు_రాయగడ · సెప్టెంబర్ 10, రాత్రి 8:30

లెక్కలు బాగానే ఉన్నాయి కానీ, కోరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తు కదా? పైకి పోయేకొద్దీ గాలి పలచబడదా? ఇంజన్ పవర్ అక్కడ తగ్గదా?

బరంపురం_ఫోర్‌మన్ · సెప్టెంబర్ 10, రాత్రి 9:02

మంచి ప్రశ్న. తగ్గుతుంది. టర్బో లేని డీజిల్ ఇంజన్ ప్రతి 100 మీటర్లకి సుమారు 1 శాతం చొప్పున పోగొట్టుకుంటుంది. కోరాపుట్‌లో 8, 9 శాతం అనుకో. టర్బో ఉన్నదానికి అంత ఉండదు, పలచటి గాలిని అది కాస్త ఎక్కువ తిరిగి నింపేస్తుంది. ఏమైనా 70 గుర్రాలు ఎత్తు వల్ల పోవు.

ఘాట్_దిగినవాడు · సెప్టెంబర్ 10, రాత్రి 9:10

అయితే నాకో అనుమానం. జయపురం తమ్ముడూ, నిజం చెప్పు. 200 బస్తాలేనా?

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 10, రాత్రి 9:48

230.

సాలూరు_పంపు_మేస్త్రీ · సెప్టెంబర్ 11, ఉదయం 6:30

230 బస్తాలంటే 11 టన్నుల 500 కిలోలు. ఫోర్‌మన్ గారి లెక్కకి ఇంకో టన్నున్నర తోడైంది, ఓ 9 శాతం. కొత్త టర్బో తెచ్చే లాభంలో సగం పైగా ఆ 30 బస్తాలే తినేస్తాయి. 2018లో యాక్సిల్ లోడు పెంచారుగా, రెండు యాక్సిళ్ళ బండికి 16.2 నుంచి 18.5 టన్నులు చేశారుగా అని నాతో వాదించేవాళ్ళు వారానికొకరు వస్తారు. నీ ఆర్‌సీలో ఏం రాసుందో అదే నీ లెక్క. చెక్‌పోస్టులో కాటావాడు చూసేదీ అదే.

సరే, వదిలెయ్. పని మొదలుపెడదాం. ముందు రూపాయి ఖర్చు లేనివి చూడు.

క్లీనర్‌ని సీట్లో కూర్చోబెట్టి పెడల్ అడుక్కి తొక్కమను. ఇంజన్ ఆపే ఉంచు. నువ్వు కింద పంపు దగ్గర చూడు. పంపు లివర్ వెళ్ళి ఆపుడు బోల్టుకి తగలాలి. తగలకపోతే ఎంత గ్యాప్ ఉందో చెప్పు.

రెండోది, టర్బో నుంచి సిలిండర్లకి గాలి పంచే మేనిఫోల్డ్‌కి పోయే రబ్బరు గొట్టం. పైనుంచి చూసి బాగుందనకు. కింద వైపు చేత్తో తడుము. ఆయిల్ తడి, దానికి దుమ్ము అంటుకుని ఉంటే అక్కడ గాలి పోతున్నట్టు.

మూడోది, రోడ్డు మీద బ్రేకు వేయకుండా నెమ్మదిగా ఆగేలా చేసి, దిగి నాలుగు బ్రేకు డ్రమ్ముల దగ్గరా చెయ్యి పెట్టు. తాకకు, దగ్గరగా పెట్టు. ఏ డ్రమ్ము సెగ కొడుతోందో చూడు.

బల్లార్షా_పాత_లారీ (చంద్రపూర్ జిల్లా) · సెప్టెంబర్ 11, మధ్యాహ్నం 3:20

మేస్త్రీగారి మాట వినండి. పెద్ద టర్బో అంటే నాకు మా నాన్నగారి టాటా 1210 లారీ గుర్తొస్తుంది, అందుకే రాస్తున్నాను.

మాది బల్లార్షా. సిరొంచ దాకా, అవతల మంచిర్యాల దాకా తిప్పేవాళ్ళం. అందులో 692 ఇంజన్, 4.8 లీటర్లు, టర్బో లేనిది. 1998లో ఎవరో చెప్పారని నాన్న దానికి టర్బో కట్టించారు. మొదటి నెల ఊరంతా మా ఇంటికొచ్చి బండి చూసింది. బొగ్గు లోడుతో టాప్ గేరులో ఎక్కేసేది. రెండో నెలలో హెడ్ గ్యాస్కెట్ పోయింది. వేయించాం. మళ్ళీ పోయింది. వేసవిలో ఒకరోజు తెల్లపొగ కక్కి ఆగిపోయింది. ఇంజన్ దించితే మూడో సిలిండర్ పిస్టన్ తల మీద కన్నం. వేలు దూరేంత. ఆ పిస్టన్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అమ్మ దాన్ని అగరొత్తుల స్టాండు చేసేసింది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, టర్బోకి తయారుచేసిన ఇంజన్‌లో పిస్టన్ కింద నుంచి ఆయిల్ చిమ్మి చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది, కంప్రెషన్ తక్కువ పెడతారు, ఆయిల్ కూలర్ ఉంటుంది. మాదానికి ఇవేవీ లేవు. పైన టర్బో పెట్టి లోపల పాతవే ఉంచారు. కట్టినాయన మంచివాడే, టర్బో కట్టడం వచ్చు. ఇంజన్ తెలియదు.

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 11, సాయంత్రం 5:10

కానీ అన్నా, నాది టర్బో ఇంజనే కదా? ఇంటర్‌కూలర్ ఒక్కటే అదనం.

బరంపురం_ఫోర్‌మన్ · సెప్టెంబర్ 11, రాత్రి 7:45

ఇంటర్‌కూలర్ చెడ్డది కాదు. టర్బో గాలిని నొక్కితే గాలి వేడెక్కుతుంది, లోడు మీద 100 డిగ్రీలు దాటుతుంది. వేడి గాలి పలచన. దాన్ని చల్లబరిస్తే అదే సిలిండర్‌లో ఎక్కువ గాలి పడుతుంది, అప్పుడు ఎక్కువ డీజిల్ పొగ లేకుండా కాలుతుంది. టాటా 2515 లారీల్లో 697కి ఇంటర్‌కూలర్ పెట్టే ఇచ్చారు. అయితే ఆ ఇంజన్‌కి టర్బో, పంపు సెట్టింగ్ అన్నీ దానికి తగ్గట్టు ఉంటాయి. నీ రేడియేటర్ ముందు ఒక డబ్బా బిగించినంత మాత్రాన 2515 అయిపోదు. పైగా ఇప్పటికే టెంపరేచర్ ఎక్కుతోందన్నావు. ఆ డబ్బా పెడితే రేడియేటర్‌కి వచ్చే గాలి ఇంకా వేడిగా వస్తుంది.

ముల్లు ఎందుకెక్కుతోందో ముందు చూడు. రేడియేటర్ రెక్కల్లో మట్టి ఎంతుందో, ఫ్యాన్ బెల్టు వదులుగా ఉందేమో. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఆపే థర్మోస్టాట్ ఉందా, ఎవరైనా పీకేశారా?

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 11, రాత్రి 8:20

థర్మోస్టాట్ పీకేసి చాలా కాలమైంది సార్. వేడెక్కకుండా ఉంటుందని చెప్పారు.

బరంపురం_ఫోర్‌మన్ · సెప్టెంబర్ 11, రాత్రి 8:26

అందరూ అదే చెప్తారు. మైదానంలో ఇంజన్ సరైన వేడికి రాక లైనర్లు అరుగుతాయి, ఘాట్‌లో ఎలాగూ వేడెక్కుతుంది. రెండు వైపులా నష్టం. కొత్తది పెట్టించు.

రూల్_బుక్ · సెప్టెంబర్ 12, ఉదయం 10:00

ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడానికి వీల్లేదు. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి, కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కాలి. 2019 సవరణలో చేరిన సెక్షన్ 182ఏ కింద, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అదే ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని చెప్పింది.

2005 బండి అంటే ఏటా ఫిట్‌నెస్. 15 ఏళ్ళు దాటిన హెవీ గూడ్స్ బండికి 2022 ఏప్రిల్‌లోనే ఆ ఫీజు 12,500 చేశారు. బీఎస్4 కాలుష్య ప్రమాణాలకి ముందు బండికి పొగ పరీక్షలో 65 హెచ్‌ఎస్‌యూ (పొగ నలుపు కొలిచే యూనిట్) హద్దు. పంపు పెంచిన బండి అక్కడ దొరికిపోతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్ళు వెతికే మొదటి వంక కూడా ఇదే.

కాటన్_లోడు_రాయగడ · సెప్టెంబర్ 12, ఉదయం 10:35

పొగ పరీక్ష ముందురోజు స్క్రూ వెనక్కి తిప్పుకుంటాం గురువుగారూ. 😀

రూల్_బుక్ · సెప్టెంబర్ 12, ఉదయం 10:40

ఇది అందరూ చదివే చోట రాస్తున్నావని గుర్తుందా?

కాటన్_లోడు_రాయగడ · సెప్టెంబర్ 12, ఉదయం 11:15

సరే సరే. కానీ డీజిల్ గురించి నా చిట్కా ఒకటి. దిగుడులో న్యూట్రల్ కొట్టేస్తే పంపు పెంచిన ఖర్చు తిరిగొచ్చేస్తుంది. ఘాట్ కింద దాకా జారుకుంటూ పోవచ్చు.

ఘాట్_దిగినవాడు · సెప్టెంబర్ 12, మధ్యాహ్నం 12:02

ఒరే నాయనా, నా పేరు చూశావా? ఆ పేరు ఊరికే పెట్టుకోలేదు. న్యూట్రల్‌లోనే దిగాను, సుంకి ఘాట్‌లో, డ్రమ్ములు కాలి వాసనొస్తుంటే, పెడల్ నొక్కినా రాయి మీద కాలు పెట్టినట్టుంటే. గోడవైపు రాసుకుంటూ ఆపాను. లోయవైపు మలుపు అయ్యుంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. నీలాంటి తెలివైనోళ్ళ వల్లే

మోడరేటర్ · సెప్టెంబర్ 12, మధ్యాహ్నం 12:30

పై పోస్టులో చివరి రెండు వాక్యాలు తీసేశాను. కోపం అర్థమైంది, తిట్లు వద్దు.

సాలూరు_పంపు_మేస్త్రీ · సెప్టెంబర్ 12, రాత్రి 7:15

రాయగడ తమ్ముడూ, న్యూట్రల్‌లో డీజిల్ మిగలదు. గేరులో ఉండి పెడల్ మీద నుంచి కాలు తీస్తే పంపులో ఇంజన్ స్పీడుని అదుపు చేసే గవర్నర్ డీజిల్ మొత్తం ఆపేస్తుంది. చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి, ఒక్క చుక్క కాలదు. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ నిలబడడానికి ఐడిలింగ్ డీజిల్ తాగుతూనే ఉంటుంది. నువ్వు మిగిలిందనుకుంటున్నది మిగలడం లేదు, పైగా ఇంజన్ బ్రేకు పోగొట్టుకుంటున్నావు. ఎక్కిన గేరులోనే దిగాలని మా గురువు చెప్పేవాడు. ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేస్తోందో లేదో కూడా చూసుకో.

కాటన్_లోడు_రాయగడ · సెప్టెంబర్ 12, రాత్రి 9:00

ఇది నాకు నిజంగా తెలియదు.

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 15, రాత్రి 10:30

మేస్త్రీగారూ, చూశాను. వరసగా చెప్తాను.

పెడల్ అడుక్కి తొక్కించి చూస్తే పంపు లివర్‌కి, ఆపుడు బోల్టుకి మధ్య నా చూపుడు వేలు పట్టింది. వేలు పెట్టి ఫోటో తీశాను, కానీ ఇక్కడ ఎక్కడం లేదు. మధ్యలో రాడ్డు తిరిగే చోట పిన్ను అరిగి కన్నం కోడిగుడ్డు ఆకారంలో అయిపోయింది. పెడల్ కింద ఎవరో రబ్బరు మ్యాట్ రెండు మడతలు వేసి పరిచారు, అది కూడా అడ్డమే. ఎవరో అంటున్నాను, నేనే. చలికాలంలో కాలికి చల్లగా తగులుతోందని.

టర్బో గొట్టం కింద వైపు తడిమాను. చెయ్యి నల్లగా జిడ్డు. క్లిప్పు విప్పితే క్లిప్పు కిందే చీలిక. అంతకుముందు యజమాని కాబోలు, దానికి ట్యూబు రబ్బరు ముక్క చుట్టి బైండింగ్ వైరు కట్టాడు. ఆ కట్టు మీద మళ్ళీ క్లిప్పు. పైనుంచి చూస్తే కొత్త గొట్టంలా ఉంది. తొమ్మిదేళ్ళుగా నేను రోజూ చూస్తున్న గొట్టం ఇది.

వెనక ఎడమ డ్రమ్ము దగ్గర చెయ్యి నిలవలేదు. మిగతావి గోరువెచ్చన.

సాలూరు_పంపు_మేస్త్రీ · సెప్టెంబర్ 16, ఉదయం 6:40

దొరికాయి నీ గుర్రాలు.

బరంపురం_ఫోర్‌మన్ · సెప్టెంబర్ 16, ఉదయం 8:15

లివర్ వేలెడు తక్కువ పోతే ఏమవుతుందో కొత్తవాళ్ళ కోసం చెప్తాను. ఈ పంపులో గవర్నర్ ఉంటుంది. లివర్ ఎంత పోతే ఇంజన్‌ని అంత స్పీడు దాకానే లేవనిస్తుంది, ఆ తర్వాత డీజిల్ తగ్గించేస్తుంది. 2400 దాకా తిరగాల్సిన ఇంజన్ ఏ 1700 దగ్గరో ఆగిపోయింది. సెకండ్‌లో అక్కడికొచ్చి థర్డ్ వేస్తే స్పీడు ఒక్కసారిగా పడిపోతుంది, ఇంజన్ మూలుగుతుంది, మళ్ళీ సెకండ్. అందుకే నువ్వు 15 దాటలేదు. ఆ తక్కువ స్పీడులో టర్బో కూడా సరిగ్గా తిరగదు. తిరిగిన కాస్త గాలీ చీలికలోంచి పోయింది. డీజిల్ మాత్రం పడుతూనే ఉంది. అదే నీ నల్లపొగ.

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 16, రాత్రి 9:10

ఇప్పుడు పని మొదలుపెడదామంటే రేపు 17, విశ్వకర్మ పూజ. ఒడిశాలో ఒక్క షెడ్డు తెరవదు. ఎల్లుండి కూడా సగంమంది రారు. పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పి బస్సులో సాలూరు తీసుకొస్తాను మేస్త్రీగారూ.

సాలూరు_పంపు_మేస్త్రీ · సెప్టెంబర్ 16, రాత్రి 9:30

తీసుకురా. విప్పే ముందు టైమింగ్ గుర్తు పెట్టుకో. తర్వాత నన్ను తిట్టకు.

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 28, రాత్రి 11:05

ఆలస్యానికి క్షమించండి. బండి తిరుగుతోంది.

పంపుని బెంచ్ మీద పెట్టినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. ఆరు లైన్లకి ఆరు గాజు గొట్టాలు. మోటారు తిప్పి వాటిలోకి డీజిల్ పడనిచ్చారు. ఐదింటిలో ఇంచుమించు ఒకే మట్టం, నాలుగో దాంట్లో కంటికి తెలిసేంత తక్కువ. ఇంటర్‌కూలర్ గురించి పది రోజులు నిద్రపోకుండా ఆలోచించినవాణ్ణి, ఆ నాలుగో గొట్టం చూస్తే నవ్వొచ్చింది. పంపులో ఆ లైనుకి డీజిల్ నెట్టే ఎలిమెంటు మార్చారు. ఆరింటినీ సమానం చేశారు. స్క్రూ మాత్రం పెంచలేదు, నేను నోరు తెరిచి అడిగినా పెంచలేదు. నాజిళ్ళలో రెండు చినుకులు కారుస్తున్నాయి, ఆరూ మార్చేశాం.

లివర్ పిన్నుకి బుష్ లేత్‌లో చేయించాను. గొట్టం, క్లిప్పులు కొత్తవి. ఎడమ డ్రమ్ములో బ్రేకు స్ప్రింగు విరిగి షూ అంటుకుపోయి ఉంది. థర్మోస్టాట్ పెట్టించాను. రేడియేటర్ దింపి కడిగిస్తే వచ్చిన మట్టితో మా అమ్మ తులసికోట అలికేది. అన్నీ కలిపి, బస్సు చార్జీలు, టీలు సహా, 31,000 చిల్లర.

నిన్న 200 బస్తాలతో ఎక్కాను. 200 అంటే 200 అన్నా, నమ్మండి. ఎక్కువ భాగం థర్డ్ గేరు. 12 కిలోమీటర్లకి 28 నిమిషాలు. గేరు మార్చినప్పుడు తప్ప పొగ లేదు. ముల్లు మధ్యలోనే నిలబడింది. పైన టీ కొట్టు దగ్గర ఆపితే ఆయన అడిగాడు, ఖాళీగా వచ్చావా అని.

బల్లార్షా_పాత_లారీ · సెప్టెంబర్ 28, రాత్రి 11:20

పైకెక్కగానే బండి ఆపెయ్యకండి. రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి అప్పుడు ఆపండి. వేడి మీద ఆపేస్తే టర్బో బేరింగులో ఆయిల్ మాడి బొగ్గయిపోతుంది.

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 29, ఉదయం 7:00

సరే అన్నా. ఇంకొక్క ప్రశ్న. ఫోర్‌మన్ గారు 32 స్పీడు వస్తుందన్నారు, నాకు 26 లోపే వచ్చింది. క్రౌన్ పినియన్ మార్చితే ఎలా ఉంటుంది? నాది 7 పళ్ళకి 41 పళ్ళు. 6కి 41 దొరుకుతోంది.

బరంపురం_ఫోర్‌మన్ · సెప్టెంబర్ 29, ఉదయం 9:30

32 అనేది ఫ్యాను, మలుపులు, ఎదురు బళ్ళు లేని పలక మీద స్పీడు. ఇరవై ఏళ్ళ బండికి 26 అంటే బాగుంది.

క్రౌన్ సంగతి. 41ని 7తో భాగిస్తే 5.86, 6తో భాగిస్తే 6.83. చక్రాల దగ్గర లాగుడు దాదాపు 17 శాతం పెరుగుతుంది. ఇంజన్ మీద చెయ్యి వేయకుండా వచ్చే లాభం అది. బదులుగా ప్రతి గేరులోనూ స్పీడు 14 శాతం తగ్గుతుంది. ఎప్పుడూ ఘాట్‌లోనే తిరిగే బండి అయితే కళ్ళు మూసుకుని మార్చమనేవాణ్ణి. నువ్వు నెలలో ఎన్ని కిలోమీటర్లు కింద మైదానంలో తిప్పుతావు?

ఓఆర్10_జయపురం · సెప్టెంబర్ 29, ఉదయం 9:52

సగం కన్నా ఎక్కువే. సాలూరు నుంచి అవతలంతా మైదానమే.

బరంపురం_ఫోర్‌మన్ · సెప్టెంబర్ 29, ఉదయం 9:55

అయితే వద్దు. ఘాట్‌లో మిగిలింది హైవే మీద పోతుంది.

కాటన్_లోడు_రాయగడ · అక్టోబర్ 3, రాత్రి 8:40

మేస్త్రీగారూ, మీ షెడ్డు సాలూరులో ఎక్కడ? నా బండి హెడ్ గ్యాస్కెట్ దగ్గర నుంచి నీళ్ళు కారుతున్నాయి. పంపు స్క్రూ కూడా, మీరు ఏమంటారో తెలుసు, దాన్ని కూడా మీరే చూడండి.

సాలూరు_పంపు_మేస్త్రీ · అక్టోబర్ 4, ఉదయం 6:35

మెసేజ్ పెట్టాను. వచ్చేటప్పుడు గేరులో దిగు.